సర్జరీ అయిన ఏడాదిలోపే నెల తప్పిందా? ఏం చేయాలో వరుసగా

"అక్కా, స్లీవ్ చేయించుకుని ఆరు నెలలే అయింది, నెల తప్పింది, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఏం చేయాలో తోచట్లేదు." బరువు తగ్గే సర్జరీ (డాక్టర్లు బేరియాట్రిక్ సర్జరీ అంటారు) గురించి నేను రాయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. గుంటూరు నుంచీ అడిగారు, డాలస్ నుంచీ అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసిన జవాబులన్నీ ఈసారి ఒకచోట పెడుతున్నాను.

నాకు బైపాస్ (గుండెది కాదు, కడుపుని చిన్నది చేసి నేరుగా పేగుకి కలిపే సర్జరీ) అయిన ఏడో నెలలో తెలిసింది. పెళ్లయి ఆరేళ్లు, పీసీఓడీ, రెండుసార్లు ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే చికిత్స) ఫెయిలయ్యాక "ముందు బరువు తగ్గు, తర్వాత చూద్దాం" అంటే సర్జరీకి వెళ్లినదాన్ని. నాకు పీరియడ్ మూడు నెలలకోసారి రావడం మామూలే కాబట్టి నెల తప్పితే పట్టించుకోలేదు. వాంతులవుతుంటే అన్నం గబగబా తిన్నానేమో అనుకున్నాను. టెస్టు చేసుకునేసరికి తొమ్మిదో వారం. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు, ఎందుకంటే మా సర్జన్ "ఏడాదిన్నర దాకా వద్దమ్మా" అని మూడుసార్లు చెప్పి పంపారు.

ఎందుకు ఆగమంటారో రెండు ముక్కల్లో చెప్తాను. సర్జరీ తర్వాత కనీసం 12 నుంచి 18 నెలలు ఆగమనడానికి కారణం, ఆ కాలంలో బరువు వేగంగా పడిపోతుంటుంది, తినేది కొంచెమే, ఐరన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి నిల్వలు తరిగిపోతుంటాయి, బిడ్డ పెరగడానికి కావల్సినవీ అవే. మరి గర్భం ఎలా వచ్చిందంటే, బరువు తగ్గేకొద్దీ అండం విడుదల మళ్లీ గాడిలో పడుతుంది, కొందరికి మొదటి కొన్ని నెలల్లోనే. "నాకెలాగూ రాదు కదా" అనే పాత నమ్మకంతో మనం జాగ్రత్త పడం. గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నా, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకి, అవి ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు. ఇంతే, మీరేదో పెద్ద తప్పు చేసినట్టు కాదు.

ఈ పరిస్థితిలో బిడ్డల్ని కని బాగున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కాకపోతే మామూలు గర్భిణికి రాసే మాత్రలు, చేసే పరీక్షలు మనకి సరిపోవు. కొన్ని అదనంగా కావాలి, ఒకటి రెండు మనకి చేయకూడదు. ఈ సంగతి మీ చుట్టూ ఉన్న అందరికీ తెలుసని అనుకోకండి. నేను డాక్టర్ని కాదు, కింద రాసిన మోతాదులు మీరు డాక్టర్‌ని సరైన ప్రశ్న అడగడానికి. మీకు ఎంత అన్నది మీ రిపోర్టు చూసి వాళ్లే చెప్పాలి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- సర్జరీ డిశ్చార్జ్ సమ్మరీ. స్లీవా, రూ-ఎన్-వై బైపాసా, మినీ బైపాసా, బ్యాండా అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది. "కడుపు కుట్టించుకున్నా" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.
- సర్జరీ ముందువి, తర్వాతవి బ్లడ్ రిపోర్టులు అన్నీ.
- ఇప్పుడు వాడుతున్న ప్రతి మందు స్ట్రిప్ వెనక వైపు ఫొటో. ప్రొటీన్ పౌడర్ డబ్బా లేబుల్ కూడా.
- సర్జన్ టీమ్ ఫోన్ నంబర్, మీ ఫోన్‌లోనే కాదు, మీ ఆయన ఫోన్‌లో కూడా.
- ఇంట్లో బరువు చూసే మిషన్, షుగర్ చూసే గ్లూకోమీటర్ (స్ట్రిప్పులు 24వ వారం దగ్గర పడ్డాక కొనుక్కుంటే చాలు).
- ఒక నోట్‌బుక్.

1. ముందు ఖాయం చేసుకోండి

సర్జరీ తర్వాత వికారం, నీరసం, వాంతులు, పీరియడ్ అటూ ఇటూ అవడం, ఇవన్నీ మామూలే కాబట్టి లక్షణాలని బట్టి తేల్చుకోవడం కుదరదు. జాగ్రత్త లేకుండా కలిసి మూడు వారాలు దాటితే మెడికల్ షాపులో దొరికే కిట్‌తో పొద్దున్నే మొదటి మూత్రంతో చూసుకోండి. నెగెటివ్ వచ్చినా పీరియడ్ రాకపోతే వారం తర్వాత మళ్లీ చూడండి. రెండో గీత లేతగా పడినా అది గీతే.

పాజిటివ్ వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య స్కానింగ్ తప్పనిసరి. పీరియడ్స్ సరిగ్గా రానివాళ్లకి ఆఖరి పీరియడ్ తేదీతో లెక్కేస్తే నెలలు తప్పుతాయి. నా లెక్కకీ స్కానింగ్ లెక్కకీ మూడు వారాల తేడా వచ్చింది. గర్భం గర్భసంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా అన్నదీ అప్పుడే తేలుతుంది.

ఆగకూడని సందర్భం: పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి, రక్తం కనిపించడం, భుజం దగ్గర పోటు, కళ్లు తిరిగి పడిపోతున్నట్టు ఉండటం. వీటిలో ఏదున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, అప్పుడే హాస్పిటల్‌కి వెళ్లండి.

2. అదే రోజు మందుల సంచి ముందేసుకుని కూర్చోండి

ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. ఒకటి, "కడుపుతో ఉన్నప్పుడు మందులు మింగకూడదు" అని ఎవరో అంటే సర్జరీ విటమిన్లతో సహా అన్నీ మానేయడం. రెండోది, ఏమీ చూసుకోకుండా అన్నీ అలాగే కొనసాగించడం.

మానకూడనివి: మల్టీవిటమిన్, ఐరన్, కాల్షియం, బీ12, విటమిన్ డి. గర్భంలో వీటి అవసరం పెరుగుతుందే గానీ తగ్గదు. ఒక్కటి మాత్రం లేబుల్‌లో వెతకండి: విటమిన్ ఏ ఏ రూపంలో ఉందో. రెటినాల్, రెటినైల్ అని ఉంటే అది ఎక్కువైతే బిడ్డకి అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉంది, బీటా కెరోటిన్ రూపంలో ఉన్నది అడిగి మార్పించుకోండి. చర్మానికో మొటిమలకో ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే వెంటనే ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

అదే రోజు ఫోన్ చేసి అడగాల్సినవి: బీపీ మాత్ర (టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ లాంటివి గర్భంలో పనికిరావు, మార్చాలి), కొలెస్ట్రాల్ మాత్ర, షుగర్ మందులు, థైరాయిడ్ మాత్ర (దీని మోతాదు గర్భంలో సాధారణంగా పెంచాల్సి వస్తుంది), ఫిట్స్ మందులు, డిప్రెషన్ మందులు. బీపీ, ఫిట్స్, డిప్రెషన్ మందులు మీ అంతట మీరు ఠక్కున ఆపేయొద్దు, అది ఇంకో ప్రమాదం. బరువు కోసం సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ వేసుకుంటుంటే తర్వాతి డోసు వేసుకోకండి, డాక్టర్‌కి చెప్పండి.

తలనొప్పికి, నడుంనొప్పికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోకండి. అవి బిడ్డకీ మంచివి కావు, మన కడుపులో కుట్ల దగ్గర పుండు కూడా చేస్తాయి.

3. ఇద్దరు డాక్టర్లనీ కలపండి

అన్నిటికంటే ఎక్కువ ఇదే చెప్పాలనుంది. గైనిక్ డాక్టర్ "సర్జరీ సంగతి సర్జన్ చూసుకుంటారు" అనుకుంటారు, సర్జన్ "గర్భం సంగతి గైనిక్ చూసుకుంటారు" అనుకుంటారు, మధ్యలో మన బీ12 ఎంతుందో ఎవరూ చూడరు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు బయట నలభై మంది ఉన్నారు. లోపల మూడు నిమిషాలు. "ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా?" అని నర్సు అడిగితే "గ్యాస్ట్రిక్ ఏదో అయింది" అని నెమ్మదిగా అన్నాను, పక్కన మా అత్తగారు ఉన్నారు, ఆవిడకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అని చెప్పి ఉంచాం. నర్సు కార్డు మీద గ్యాస్ట్రిక్ ట్రబుల్ అని రాసుకుంది. మామూలు ఫోలిక్ యాసిడ్, వాంతుల మాత్ర రాసి పంపేశారు. రెండు నెలలు ఎవరూ నాకు బీ12 పరీక్ష రాయలేదు, రాయించేసరికి అది 140 దగ్గరికి పడిపోయి ఉంది. ఆ డాక్టర్ తప్పు ఎంతో నాకు తెలియదు గానీ నేను దాచడం వల్ల పోయిన రెండు నెలలు మాత్రం నావే.

కాబట్టి ఇంట్లో దాచిపెట్టి చేయించుకున్నవాళ్లు కనీసం డాక్టర్ గదిలో ఒంటరిగా మాట్లాడతానని అడగండి. కూర్చోగానే చెప్పాల్సిన వాక్యం ఇది, కావాలంటే కాగితం మీద రాసుకెళ్లండి: "డాక్టర్ గారూ, నాకు ఫలానా తేదీన ఫలానా బేరియాట్రిక్ సర్జరీ అయింది, ఇప్పటికి ఇన్ని కిలోలు తగ్గాను, ఇంకా తగ్గుతున్నాను, ఇది నా డిశ్చార్జ్ సమ్మరీ." మాతా శిశు కార్డు మీద, ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో సర్జరీ పేరు రాయించండి. రాత్రి పూట డ్యూటీలో ఎవరున్నా చూసేది దాన్నే.

అడగాల్సినవి: నాలాంటి కేసులు చూశారా? సర్జన్‌తో ఒకసారి ఫోన్‌లో మాట్లాడతారా? డైటీషియన్ ఉన్నారా? ఎమర్జెన్సీలో సర్జన్ కూడా ఉండే హాస్పిటల్‌లోనే కాన్పు ప్లాన్ చేద్దామా? చిన్న ఊళ్లో ఉంటే నెలనెలా చూపించుకోవడం అక్కడే అయినా, స్కానింగులకీ కాన్పుకీ సర్జన్ అందుబాటులో ఉండే పెద్ద ఊరు ముందే అనుకోండి.

ఎలా సరిచూసుకోవాలి: మీరు బయటికి వచ్చేటప్పుడు ప్రిస్క్రిప్షన్ మీద మీ సర్జరీ పేరు ఉందా, బీ12, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) పరీక్షలు రాశారా చూడండి. లేకపోతే తిరిగి లోపలికి వెళ్లి అడగండి. మొహమాటం వద్దు.

4. ఉంచుకోవాలా వద్దా

"సర్జరీ అయిన ఆరు నెలలకే అయితే తీయించేయాలట కదా" అని అడుగుతారు. ఏడాదిలోపు వచ్చిందన్న ఒక్క కారణంతో గర్భం తీయించాల్సిన పని లేదు. అలాగని మీ ఒళ్లు, మీ పరిస్థితి మీకు తెలుసు, వద్దనుకుంటే అది మీ హక్కు. మన దేశంలో 1971 చట్టం, 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు, గర్భనిరోధక సాధనం పనిచేయకపోవడం కూడా అందులో ఒప్పుకున్న కారణమే, పెళ్లి కాకపోయినా సరే. 18 దాటిన ఆడమనిషికి తన సంతకం చాలు, భర్త సంతకం అవసరమని చట్టంలో లేదు. ఒక్కటే మాట, మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని ఇంట్లో మింగకండి. గర్భం ట్యూబులో ఉందేమో చూడకుండా, రక్తం ఎంత ఉందో తెలియకుండా అలా చేయడం ప్రాణం మీదికి తెస్తుంది, మనకి అసలే రక్తం తక్కువ.

5. రక్త పరీక్షలు, ఆ తర్వాత మాత్రల టైమ్‌టేబుల్

మొదటి విజిట్‌లోనే అడగండి, ఆ తర్వాత ప్రతి మూడు నెలలకి ఒకసారి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియంని అదుపుచేసే హార్మోన్), అల్బుమిన్ (రక్తంలో ప్రొటీన్), విటమిన్ ఏ. మామూలుగా చేసే థైరాయిడ్, షుగర్, లివర్, కిడ్నీ పరీక్షలు ఎలాగూ ఉంటాయి. అన్నీ ఒకేసారి ఖర్చు అనుకుంటే సీబీసీ, ఫెరిటిన్, బీ12, విటమిన్ డి, కాల్షియం ముందు చేయించి, మిగతావి తర్వాత చేయించొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి "పదకొండు ఉంది, పర్లేదు" అనుకోవద్దు. ఫెరిటిన్ 30 కన్నా తక్కువుంటే నిల్వలు అయిపోయినట్టే, హిమోగ్లోబిన్ తర్వాత పడిపోతుంది. మాత్రలతో పెరగకపోతే మొదటి మూడు నెలలు దాటాక సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకోవచ్చు. నాకు ఐదో నెలలో ఎక్కించారు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం రెండు వారాల్లో తగ్గింది.

ఫోలిక్ యాసిడ్ సంగతి కొంచెం జాగ్రత్త. మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 30 దాటి ఉన్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి 12 వారాల వరకు 4 లేదా 5 మిల్లీగ్రాములు ఇస్తారు. పెద్ద డోసు మొదలుపెట్టేముందు బీ12 చూడమనండి, ఎందుకంటే ఎక్కువ ఫోలిక్ యాసిడ్ వల్ల రక్తం రిపోర్టు బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల బీ12 లోపం నరాల్ని తినేస్తూ ఉంటుంది. అరికాళ్లు, వేళ్లు తిమ్మిర్లెక్కుతుంటే దాచకుండా చెప్పండి. బైపాస్ అయినవాళ్లకి, శాకాహారులకి బీ12 మాత్రల కన్నా ఇంజెక్షనే నమ్మకం.

కాల్షియం ఆహారంతో కలిపి రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 500కి మించి ఒంటికి పట్టదు కాబట్టి విడగొట్టి వేసుకోవాలి. పీహెచ్‌సీలో ఇచ్చే కాల్షియం మాత్ర కార్బొనేట్ రకం, దానికి కడుపులో యాసిడ్ కావాలి, మనకి అది తక్కువ. సిట్రేట్ రకం రాయించుకుంటే మంచిది. కొనలేని పరిస్థితి అయితే కార్బొనేట్‌నే భోజనంతో కలిపి వేసుకోండి, అసలు మానేయడం కంటే అది నయం. ఐరన్ రోజుకి కనీసం 45 నుంచి 60 మిల్లీగ్రాములు, లోపం ఉంటే ఇంకా ఎక్కువ.

అన్నీ ఒకేసారి గుప్పెట్లో పోసుకుని మింగడం మనవాళ్లు చేసే అతి పెద్ద తప్పు. ఐరన్, కాల్షియం రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి పట్టనివ్వవు, కనీసం రెండు గంటల ఎడం కావాలి. థైరాయిడ్ మాత్రకీ వీటికీ నాలుగు గంటలు. మా ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితం ఇలా ఉండేది:

- ఉదయం 6: థైరాయిడ్ మాత్ర, నీళ్లతో, ఖాళీ కడుపున
- ఉదయం 10:30: ఐరన్, మల్టీవిటమిన్, నిమ్మకాయ నీళ్లతో
- మధ్యాహ్నం 2: కాల్షియం
- సాయంత్రం 6: కాల్షియం
- రాత్రి 9: కాల్షియం, ఫోలిక్ యాసిడ్

ఐరన్‌కి ముందూ వెనకా గంట టీ, కాఫీ వద్దు. ఐరన్ కడుపులో తిప్పుతుంటే రాత్రికి మార్చి, ఒక కాల్షియంని ఉదయం 10:30కి తెచ్చుకోండి. జెల్లీ మిఠాయిల్లా ఉండే గమ్మీ విటమిన్లలో చాలావాటిలో ఐరన్ ఉండదు, వాటితో సరిపెట్టుకోకండి.

6. తిండి

ఇప్పుడు బరువు తగ్గడం మీ లక్ష్యం కాదు. కీటో, ఒంటిపూట ఉపవాసాలు, కార్బ్ లెక్కలు అన్నీ పక్కన పెట్టండి. మొదటి నెలల్లో సర్జరీ ప్రభావంతో ఇంకా ఒకటి రెండు కిలోలు తగ్గొచ్చు, దాన్ని డాక్టర్ చూస్తుంటారు. మొత్తం మీద ఎంత పెరగాలన్నది గర్భం వచ్చిన రోజు ఉన్న బరువుని బట్టి, సర్జరీ ముందు బరువుని బట్టి కాదు: బీఎంఐ 30 పైన ఉంటే 5 నుంచి 9 కిలోలు, 25 నుంచి 30 మధ్య ఉంటే 7 నుంచి 11.5 కిలోలు. కష్టపడి తగ్గిన కిలోలు తిరిగి వస్తుంటే ఎంత బాధో నాకు తెలుసు, రోజూ మిషన్ ఎక్కి ఏడ్చాను. డైటీషియన్ చెప్పాక మిషన్ ఎక్కడం వారానికి ఒక్కసారికి తగ్గించి, రాసుకోవడం మా ఆయనకి అప్పగించాను.

ప్రొటీన్ రోజుకి కనీసం 60 గ్రాములు. మన వంటింట్లో లెక్క: గుడ్డుకి 6 గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాములకి 25 పైనే, పనీర్ 100 గ్రాములకి 18 దాకా, చిక్కటి పప్పు ఒక కప్పుకి 7 నుంచి 9, పెరుగు కప్పుకి 6, 7. ప్లేటులో ముందు ఇవి, తర్వాత కూర, చివర్లో అన్నం. మూడు పూటలు కాదు, ఆరుసార్లు కొంచెం కొంచెం. నీళ్లు తినేటప్పుడు కాదు, అరగంట ఎడంగా గుటకలు గుటకలుగా. పెసరట్టులో గుడ్డు కొట్టి వేసుకోవడం నాకు బాగా పట్టింది, వాంతులున్న రోజుల్లో చిక్కటి మజ్జిగ, చల్లారిన రాగి జావలో వాసన లేని ప్రొటీన్ పౌడర్ కలిపి తాగేదాన్ని.

పెద్దవాళ్ల ప్రేమని ఎలా తట్టుకోవాలన్నది అసలు కష్టం. "ఇద్దరి కోసం తినాలి" అని రెండో ముద్ద పెడతారు. "ఇద్దరి కోసమే, కానీ ఎక్కువసార్లు తింటా అత్తయ్యా" అనండి. రక్తం పడుతుందని మటన్ కార్జం వండి పెడతారు, అది మాత్రం వద్దనే చెప్పండి, కార్జంలో రెటినాల్ చాలా ఎక్కువ. సీమంతంలో చలిమిడి, లడ్డూలు నోట్లో కుక్కుతుంటే బైపాస్ అయినవాళ్లు చిటికెడు తిని ఊరుకోండి, లేకపోతే తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి అక్కడే పీటల మీద చెమటలు పట్టి గుండె దడదడలాడుతుంది.

7. వేవిళ్లు అనుకుని ఊరుకోకూడని వాంతులు

రోజుకి ఒకటి రెండు వాంతులు, మధ్యలో తిన్నది నిలుస్తుంటే అవి వేవిళ్లే. కానీ ఒక రోజంతా ఏదీ నిలవకపోతే, మూత్రం ముదురు రంగులోకి వస్తే, వారంలో రెండు కిలోలు పడిపోతే హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే. బ్యాండ్ వేయించుకున్నవాళ్లైతే బ్యాండ్ వదులు చేయించాలి.

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే విషయం ఒకటుంది. వాంతులు ఎక్కువైతే ముందు ఖాళీ అయ్యేది విటమిన్ బీ1, అంటే థయామిన్. దాని నిల్వ మన ఒంట్లో కొన్ని వారాలకే సరిపడా ఉంటుంది. అది లేని ఒంట్లోకి గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. మన దగ్గర నీరసమంటే మొదట పెట్టేది గ్లూకోజ్ బాటిలే, వీధి చివర క్లినిక్‌లో కూడా. అందుకే బాటిల్ తగిలించేలోపే చెప్పండి: "నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వండి." మీకు మాట్లాడే ఓపిక లేకపోవచ్చు, మీ ఆయనకీ అమ్మకీ ఈ వాక్యం నేర్పించి ఉంచండి. ఒకటి రెండుగా కనిపించడం, నడుస్తుంటే తూలడం, మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం మొదలైతే అది నీరసం కాదు, 108కి ఫోన్ చేయండి.

8. షుగర్ టెస్టు: ఆ గ్లాసు తాగకండి

గర్భిణులందరికీ 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తర్వాత షుగర్ చూస్తారు. బైపాస్ అయినవాళ్లకి ఆ నీళ్లు నేరుగా పేగులోకి దిగిపోతాయి. నాకు ఆరో నెలలో ల్యాబ్‌లో గ్లాసు చేతికిచ్చారు, నేను సర్జరీ సంగతి చెప్తే "అందరూ తాగుతారమ్మా, ఐదు నిమిషాల్లో అయిపోవాలి" అన్నారు. తాగాను. పది నిమిషాలకి కడుపులో మెలిపెట్టింది, జాకెట్టు తడిసిపోయేంత చెమట, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, బాత్రూం దాకా గోడ పట్టుకుని వెళ్లాను. గంటన్నర తర్వాత షుగర్ 48కి పడిపోయింది. ఇంతా చేస్తే ఆ టెస్టు లెక్కలోకి రాలేదు, ఎందుకంటే మన కడుపుకి ఆ అంకెలు వర్తించవు.

దీని బదులు అడగాల్సింది: 24 నుంచి 28 వారాల మధ్య ఒక వారం పాటు ఇంట్లో గ్లూకోమీటర్‌తో పరగడుపున, ప్రతి భోజనం తర్వాత చూసి రాసుకోవడం. సాధారణంగా చూసే హద్దులు పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు. 70 కన్నా కిందికి పోతుంటే అదీ రాసి చూపించండి. స్లీవ్ అయినవాళ్లు కొందరు గ్లూకోజ్ నీళ్లు తట్టుకుంటారు, అయినా ముందే అడిగి నిర్ణయించుకోండి. మూడు నెలల సగటు షుగర్ టెస్టు ఒక్కదాన్ని నమ్ముకోవద్దు, రక్తహీనత ఉంటే అది తప్పు చూపిస్తుంది.

9. స్కానింగులు

11 నుంచి 13 వారాల స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య అవయవాల స్కాన్ అందరికీ ఉంటాయి, రెండోదాంట్లో వెన్నెముక బాగా చూడమని అడగండి. ఆ తర్వాత మనకి అదనం: 24 వారాల నుంచి నాలుగైదు వారాలకోసారి బిడ్డ ఎదుగుదల స్కాన్. సర్జరీ అయిన తల్లులకి బిడ్డ బరువు తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. రిపోర్టులో అంచనా బరువు పక్కన పర్సంటైల్ (అన్ని వారాల బిడ్డలు వందమందిలో ఎంతమంది కన్నా బరువుందో చెప్పే అంకె) అని ఉంటుంది, అది 10 కన్నా తక్కువుంటే ఆరోజే డాక్టర్‌కి చూపించండి.

10. కడుపునొప్పి వస్తే

బైపాస్ అయినవాళ్లు ఈ భాగం మీ ఆయన చేత కూడా చదివించండి. గర్భసంచి పెరిగేకొద్దీ పేగుల్ని పైకి నెడుతుంది. సర్జరీలో పేగుని కలిపినచోట ఉన్న సందులోకి పేగు దూరి మెలిపడొచ్చు, దాన్ని ఇంటర్నల్ హెర్నియా అంటారు. ఎక్కువగా ఐదో నెల దాటాక వస్తుంది. నొప్పి కడుపు పైభాగంలో, వచ్చి వచ్చి పోతుంది, వీపులోకి పాకొచ్చు, తిన్నాక ఎక్కువవుతుంది, వాంతులు ఉండొచ్చు లేకపోవచ్చు. స్కానింగ్‌లో బిడ్డ బాగుందంటారు, గ్యాస్ అనో దొంగనొప్పులనో సిరప్ ఇచ్చి పంపేస్తారు. ఆలస్యమైతే పేగు కుళ్లిపోతుంది, తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

నొప్పి రెండు మూడు గంటల్లో తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వస్తున్నా సర్జన్ ఉన్న హాస్పిటల్‌కే వెళ్లండి. "బైపాస్ అయింది, ఇంటర్నల్ హెర్నియా కాదని సర్జన్ చూసి చెప్పాలి" అని అడగండి. సీటీ స్కాన్ అవసరమంటే బిడ్డకేమవుతుందోనని వద్దనకండి, అవసరమైనప్పుడు తీసే ఒక్క స్కాన్ కన్నా ఆలస్యమే ఎక్కువ హాని.

11. కాన్పు, ఆ తర్వాత

బేరియాట్రిక్ సర్జరీ అయిందని సిజేరియనే చేయాలని లేదు, మిగతా కారణాలు లేకపోతే మామూలు కాన్పు అవుతుంది. నాకు 38వ వారంలో మామూలు కాన్పే, పాప 2.6 కిలోలు. కాన్పు అయ్యాక నొప్పికి రొటీన్‌గా డైక్లోఫెనాక్ రాసేస్తారు, కేస్ షీట్ మీద "వద్దు" అని ముందే రాయించండి, బైపాస్ అయినవాళ్లు మరీ.

పాలివ్వొచ్చు, ఇవ్వాలి కూడా. కానీ పాలిచ్చినన్నాళ్లు విటమిన్లు ఆపకూడదు. తల్లికి బీ12 లేకపోతే పాలలో ఉండదు, బిడ్డ మందకొడిగా ఉండటం, మెడ నిలపకపోవడం, వచ్చిన ఆటపాటలు మర్చిపోవడం లాంటివి నెలల తర్వాత బయటపడతాయి. పిల్లల డాక్టర్‌కి మీ సర్జరీ సంగతి మొదటి టీకా రోజే చెప్పండి. మీ రక్తపరీక్షలు మూడో నెలలో మళ్లీ చేయించుకోండి, బిడ్డ హడావుడిలో అందరం మర్చిపోయేది ఇదే.

గర్భనిరోధకం గురించి కాన్పు గదిలోకి వెళ్లేముందే మాట్లాడుకోండి. మాత్రల మీద ఆధారపడొద్దు. కాపర్-టీ కాన్పు అయిన 48 గంటల్లోపే వేయించుకోవచ్చు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అప్పుడు కుదరకపోతే ఆరు వారాల చెకప్‌కి వెళ్లినప్పుడు వేయించుకోండి, ఆలోపు కండోమ్ వాడండి, పాలిస్తున్నాం కదా రాదులే అనుకోకండి.